పిండిముద్ద, ముంజకాయల బండి

పసిబిడ్డల క్రీడకు అంగడిబొమ్మలే ఆవశ్యకములను భావము నేడు మన గృహములలో బలపడుచున్నది గాని, వంటయింటిలో తల్లి ప్రక్కన కూర్చుండి, పిడికెడు చపాతిపిండిని పిసికి, నొక్కి, సాగదీసి, మరల ముద్దచేయుచున్న రెండేండ్ల శిశువు ముఖమున వెలయు తన్మయత్వమును కన్నవారెవ్వరును దానిని అంగీకరింపజాలరు. ఆ ముద్దకు చిటికెడు పసుపో, ఇంత బీటుదుంప రసమో కలిపితిమా, వర్ణవైచిత్రియు సిద్ధించును.

చిన్న చెంబుతో ఒక గిన్నెలోని నీటిని వేరొక గిన్నెలోనికి వంచుట మనకు నిరర్థకముగా తోచవచ్చును. కాని 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణమొసగిన మరియా మాంటిస్సోరి మహాశయురాలు ఇట్టి పనులనే శిశువిద్యకు సాధనములుగా గ్రహించిరి. ఒలికిన నీటిని బిడ్డచేతనే గుడ్డతో తుడిపింపవలెను. అదియు వానికి ఆటయే.

అయితే మూడేండ్లలోపు వారికి చింతపిక్కలు, శనగలు, గుండీలు ఎంతమాత్రము ఈయరాదు, గొంతున అడ్డుపడును. నీరు జానెడు లోతైనను లేకున్నను, బిడ్డను దానివద్ద ఒంటరిగా విడువరాదు. ఈ విషయమున ఉపేక్ష నేను సహింపలేను.

కొంచెము పెద్దవారికి, ముంజలు తినగా మిగిలిన కాయలు రెంటిని ఒక పుల్లకు ఇరువైపుల గ్రుచ్చి, పంగలకర్రతో త్రోయు బండిని చేసియిండు. ఈ వేసవిలో మీ వీధిలో ముంజలు అమ్మవచ్చినచో ఆ కాయలను పారవేయకుడని నా ప్రార్థన.