తంబాకు ఒడిసింది

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో అడుగు పెడితే తెలిసిన మొఖం ఎదురు కాకుండా పోదు. అందుకే ఆ తల్లీకూతుళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నా క్లినిక్ గదికి వచ్చారు. బోధన్ దగ్గరి పల్లె వాళ్లది. గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. కూతురికి ముప్పై దాటాయి. భర్త దెబ్బలు భరించలేక కొడుకుని తీసుకుని పుట్టింటికి చేరి ఏడాది. అయినా రాత్రి వీధిలో బైకు చప్పుడైతే చాలు, లేచి గొళ్లెం చూసేది. మళ్లీ పడుకుని మళ్లీ లేచేది. దెబ్బలు ఆగాయి గాని ఒంట్లో భయం ఆగలేదు.

"పిచ్చి డాక్టర్ దగ్గరికి పోతున్నదని తెలిస్తే ఊళ్లె ఎట్ల సారూ?" అని తల్లి బాధ. వారం వారం వీడియో కాల్‌లో మాట్లాడుకుందామన్నాను. కరోనా కాలంలో, 2020 మార్చి 25న, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చాక ఇలాంటి వైద్యానికి స్పష్టమైన దారి ఏర్పడింది.

మొదటి కాల్‌లో గాయం ఊసే ఎత్తలేదు. ఏ గదిలో కూర్చుంటారు, మాటలు ఎవరికి వినబడతాయి, ఫోన్ ఇంకెవరైనా చూస్తారా, ఆపద వస్తే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఇవే అడిగాను. వదిన నంబరు ఇచ్చింది. మధ్యలో ఎవరైనా వస్తే ఏమంటారంటే, "తంబాకు ఒడిసింది అంట సార్" అంది. అమెరికా మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లోనే చెప్పారు: ముందు భద్రత, తర్వాతే జ్ఞాపకాలు, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లోకి రావడం. ఆన్‌లైన్‌లో ఆ మొదటి మెట్టు దాటేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఆమె ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. మాట్లాడుతూనే బీడీలు చుట్టేది. మనసు పాత రాత్రుల్లోకి జారగానే వేళ్లు ఆగిపోయేవి. "ఆకు పట్టుకో అమ్మా. ఎట్లుంది?" అనేవాణ్ని. "తడిగున్నది. మెత్తగున్నది." నెమ్మదిగా ఊపిరి సర్దుకునేది, వేళ్లు కదిలేవి. నా క్లినిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఉంటే ఆ మందు నాకు దొరికేది కాదు.

అందరికీ ఈ దారి నప్పదు. 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగర్స్ కార్మికుడొకాయన ఉన్నారు. అప్పటి నుంచి శక్కర్‌నగర్‌లోని ఆ ఫ్యాక్టరీ గేటు వైపు పోరు, షిఫ్టు వేళకు మాత్రం ఇప్పటికీ మెలకువ వస్తుంది. దుబాయ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్ ఏర్పాటు చేశాడు. భార్య పక్కనుంటే "అంత మంచిగనే ఉన్నది" తప్ప ఇంకో మాట రాలేదు. బస్సెక్కి రమ్మన్నాను. తలుపు మూశాక పావుగంట ఏడ్చారు. చచ్చిపోవాలనే ఆలోచనలు ఉన్నా, కొట్టేవాడు అదే ఇంట్లో ఉన్నా ఒక్క స్క్రీన్‌ను నమ్ముకోవద్దు. మనిషి దగ్గరికి వెళ్లాలి. ఆ గడియలో ఎవరూ దొరక్కపోతే 14416, అంటే టెలిమానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ. తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇక ఆత్మగౌరవం. "నువ్వు మంచిదానివి" అని డాక్టరు వందసార్లు చెప్పినా అది డాక్టరు మాటే అవుతుంది. "నాదేమున్నది సార్, అంత ఆయనదే" అనేది బీడీలు చుట్టే ఆమె. అయితే నీ పేరు ఎక్కడెక్కడ ఉందో వారం రోజులు వెతికి రాయమన్నాను. నోటుబుక్కు తెచ్చి చదివింది: కొడుకు బడి రసీదు, బ్యాంకు పుస్తకం, బీడీ కంపెనీ పీఎఫ్ కార్డు. చివరిది రెండుసార్లు చదివింది. "పీఎఫ్ నా పేరు మీదనే ఉన్నది సార్. పద్నాలుగేండ్ల సంది."

ఓ మధ్యాహ్నం మాట మధ్యలో గొంతు మార్చి "తంబాకు ఒడిసింది" అని కాల్ కట్ చేసింది. వదిన నంబరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. తిరిగి ఫోన్ చేస్తానని ముందే అనుకున్న గడువు దాటకముందే ఫోన్ వచ్చింది. అత్తింటి తరఫు పెద్దమనుషులట, తోలుకపోతామని వచ్చారట.

"ఏమన్నావమ్మా?"

"నేను ఆలోచించుకోవాలె, అప్పటిదాక రావొద్దు అన్న సార్."

బైకు చప్పుడుకు ఇప్పటికీ మెలకువ వస్తుంది. గొళ్లెం ఒక్కసారే చూసి పడుకుంటోంది.