అద్దకపు ద్రాక్ష

తిబిలిసిలో వైద్యం చదువుతున్న మా మేనల్లుడు "మామయ్యా, అక్టోబరులో రండి, ద్రాక్ష కోతలు చూద్దురు గాని" అన్నాడు. అలా గొంబోరి కనుమ దాటి, జార్జియా తూర్పు కొసన ఉన్న కాఖేతి సీమలో తెలావి చేరాం. కింద అలజాని నదీలోయ పొడవునా ద్రాక్షతోటలు, ఆవల కాకసస్ కొండల గోడ.

మేం బస చేసిన ఇంటి పెద్దాయన తోటలోకి తీసుకెళ్లి, గుత్తిలోంచి ఒక పండు తుంచి నా అరచేతిలో చిదిమాడు. నల్లద్రాక్షకు రంగంతా తొక్కలోనే ఉంటుంది, గుజ్జు తెల్లగానే ఉంటుంది. దీనికి మాత్రం గుజ్జే ఎరుపు. నేరేడుపండు పిసికినట్టు అరచెయ్యి ఊదారంగుకు తిరిగింది. "సపెరవి" అన్నాడాయన. రంగు అద్దేది అని ఆ మాటకు అర్థమట. పెడనలో కలంకారీ అద్దకాలు చూస్తూ పెరిగిన నాకు, పండుకి ఆ పేరు పెట్టినవాళ్లు మా ఊరివాళ్లే అనిపించారు.

ఇంటి వెనక 'మరాని'. వైన్ తయారయ్యే గది అది. నేలలో మెడదాకా పాతిన గుడ్డు ఆకారపు మట్టి బానలే 'క్వేవ్రి'లు. లోపల తేనెమైనం పూత ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టి రసాన్ని ఏడాది పొడవునా చల్లగా ఉంచుతుంది. ఈ పద్ధతిని 2013లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఈ దేశంలో దొరికిన సుమారు 8 వేల ఏళ్లనాటి కుండపెంకుల్లో వైన్ ఆనవాళ్లు బయటపడ్డాయి.

రాత్రి భోజనంలో ద్రాక్షకొమ్మల నిప్పుల మీద కాల్చిన మాంసంతో పాటు మూడు గ్లాసులు పెట్టారు. మూడూ సపెరవే. నది కుడిగట్టు ముకుజానిది ఓక్ పీపాల్లో మాగింది, తీపి లేదు, నిండుగా ఉంది. ఎడమగట్టున క్వారేలి దగ్గరి కింద్జమరౌలిలో, పులియడం పూర్తికాక ముందే చల్లబరిచి ఆపేస్తారు. పండులోని తీపి కొంత అలాగే మిగులుతుంది. మూడోది ఆ ఇంటి క్వేవ్రిది. మొదట పులుపు, వెనకే వగరు, చివర్లో మట్టివాసన. నాకు అదే నచ్చింది.

సోవియట్ కాలంలో తీపి వైన్‌కే గిరాకీ. 2006లో రష్యా జార్జియా వైన్‌ను నిషేధించింది. 2013లో మళ్లీ తలుపు తెరిచేలోగా ఇక్కడివాళ్లు కొత్త దేశాల్లో కొనేవాళ్లను వెతుక్కున్నారు. ఆ వెతుకులాటలో క్వేవ్రి వాళ్లకు పెద్ద అండ అయింది.

మర్నాడు బయల్దేరుతుంటే పెద్దాయన మరానిలోకి పిలిచి నా చేతికో పొడుగాటి కర్ర ఇచ్చాడు. పులిసేటప్పుడు తొక్కలు పైకి తేలతాయి, రోజుకు కొన్నిసార్లు వాటిని రసంలోకి నెట్టాలి. నెట్టాను. బాన లోపలినుంచి బుసబుసమని పొంగు, ముఖానికి వెచ్చటి ఆవిరి. వసంతంలో మూత తీసి ముంచుకునే ఆ వైన్‌లో నేను నెట్టిన ఈ పూట కూడా ఉంటుంది.