అరకులో పసుపు కొండలు

విశాఖలో ఉప్పుగాలికి చెమటలు కక్కుతూ రైలెక్కాను. మధ్యాహ్నం కాకముందే సంచిలో స్వెట్టర్ కోసం వెతుక్కున్నాను! విశాఖకు నూటపది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, 900 మీటర్ల ఎత్తున, ఇలాంటి లోకం ఒకటుందా!

బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన రైలుదారి ఇది. సొరంగం చీకటి, వెలుతురు, మళ్లీ సొరంగం. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ దాటి కిందికి దిగుతుంటే లోయ కళ్లముందు పరుచుకుంది. ఒక్కసారిగా పసుపు!

అవి వలిసె పూలు. నవంబరులో వాలు వాలంతా ఇవే. ఎవరో అందం కోసం పెంచినవి అనుకునేరు, కాదు. నూనెగింజల పంట. వానాకాలం చివర్లో చల్లితే పెద్దగా నీరడగకుండా మెట్టనేలలో పండుతుంది. పూల నిండా తేనెటీగల రొద. పక్కనే మడులు మడులుగా కోతకొచ్చిన వరి. ఫొటోల కోసం చేలో దిగిపోయేవాళ్లను చూస్తే మాత్రం నా ప్రాణం విలవిల్లాడింది. గట్టు మీద నిలబడినా అంతే అందం కనిపిస్తుంది కదా, అది రైతుల ఏడాది పంట!

అరకులో చూసిన పార్కు, మ్యూజియం బాగానే ఉన్నాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటికి అల్లుకుని మిరియాల తీగ, ఆ నీడలో కాఫీ మొక్కలు. ఒక్క చెక్క నేలలో మూడంతస్తుల వ్యవసాయం! ఎర్రటి పళ్లు కోస్తున్న ఒకామె గుప్పెడు నా చేతిలో పోసి, "తిని చూడు బాబూ, తియ్యగుంటాది" అంది. కాఫీ పండు తియ్యగా ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది! పలుచటి గుజ్జు, లోపల జిగటగా రెండు గింజలు. 2019లో ఇక్కడి అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివాను కానీ, ఆ గింజ వెనకున్న చేతులను చూడటం వేరు. ఎండబెట్టి, వేయించి, అక్కడే కాచి ఇచ్చిన కాఫీ గ్లాసుడు తాగాను. చక్కెర వెయ్యనివ్వలేదు నేను.

వేసవి జల్లులు పడ్డాక ఇవే మొక్కలు తెల్లగా పూసి, తోటంతా మల్లెల్లా గుబాళిస్తుందట. అప్పటికి మళ్లీ వస్తాను, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని!