కోత మాకే ఎందుకు?

మా మాదిగవాడలో ఆడదాని ఒంట్లోని అవయవాలకు పేర్లు లేవు. గర్భసంచి, అండాశయం అన్నిటికీ కలిపి ఒకటే మాట: కడుపు. కడుపొచ్చింది, కడుపు పోయింది, కడుపు కోసిండ్రు. మాది నల్లగొండ జిల్లా. ముట్టయితే పెద్దకులాల ఇండ్లల్లో ఆడోళ్లు మూడు రోజులు మూలకు కూసునేది. మాకు ఆ మూల కూడా లేదు. కూసుంటే కూలెవరిస్తరు? పాతచీర పేలిక కట్టుకొని మోకాలిలోతు బురదలో నాట్లేసేది మా అమ్మ. ఎప్పటికీ అంటరానోళ్లమే కాబట్టి మా ముట్టును ఊరు వేరే లెక్కబెట్టలేదు.

అమ్మకు ఆరు కాన్పులు. నలుగురం బతికినం. చిన్న తమ్ముడు పుట్టినంక, 1984లో, మా ఇంట్ల నీళ్లు తాగని నర్సమ్మ వాకిట్లనే నిలబడి "ఆపరేషన్ చేయించుకో, పైసలిస్తరు" అన్నది. నాయినను ఎవరూ అడగలేదు. క్యాంపుల వేలిముద్ర తీసుకున్నరు, కోసిండ్రు, చాపమీద పండబెట్టిండ్రు. ఏం కోసిండ్రో, ఏం ఉంచిండ్రో ఒక్కరూ చెప్పలేదు. పదోరోజుకు అమ్మ మళ్లీ పొలంల వంగింది. ఆపరేషన్‌తో ముట్టు ఆగిపోతదనుకున్నది. కొన్ని నెలలకు మళ్లీ అయ్యేసరికి, ఏదో చెడిపోయిందని లోపల్లోపల ఏడ్చింది.

పదో తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు సారు పేజీలు తిప్పేసి "ఇంటికాడ చదువుకోండి" అన్నడు. డిగ్రీలో మహిళా సంఘం మీటింగులో చార్టు చూసినంకనే నాకు అర్థమైంది. నెలకొక అండం అండాశయం నుంచి నాళంలోకి వస్తది. వీర్యకణం దాన్ని అక్కడనే కలుస్తది. ట్యూబెక్టమీలో ఆ నాళాల దారి మూసేస్తరు, అంతే. గర్భసంచి, అండాశయాలు ఎక్కడివక్కడనే ఉంటయి. అందుకే ముట్టు ఆగదు. ఇంటికొచ్చి బొగ్గుతో నేలమీద గీసి చూపెట్టిన. అమ్మ శానాసేపు చూసి, "గింతేనా బిడ్డా? గీ ముక్క నాకు చెప్పనీకి ఎవరికీ నోరు రాలేదా?" అన్నది.

మగవాళ్ల ఆపరేషన్ ఇంతకంటె సులువు. కడుపు తెరిచే పనే లేదు. తర్వాత మూడు నెలలు వేరే జాగ్రత్త పాటించి, వీర్యపరీక్ష చేయించుకుంటే చాలు. మగతనం పోదు. ఎమర్జెన్సీలో, 1976-77లో, దేశంలో 60 లక్షలకు పైగా మగవాళ్లకు చేసిండ్రు, ఎంతోమందికి బలవంతంగా. 1977లో ప్రభుత్వం ఓడింది. అటెనుక కత్తి ఆడోళ్ల దిక్కు తిరిగింది. 1996లో టార్గెట్లు ఎత్తేసినా అది మళ్లీ తిరగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెండ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఈ ఆపరేషన్ అయినవాళ్లే. ఆంధ్రలో మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. కాపర్‌-టి గురించి, మాత్రల గురించి, నిరోధ్ గురించి మా వాడల్లో కూసోబెట్టి చెప్పిందెవరు?

క్యాంపులు మూడేండ్లలో ఆపాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి చేసిండ్రు. నలుగురు తల్లులు చచ్చిపోయిండ్రు.

ఆపరేషన్ వద్దని నేననను. ఆరుసార్లు చావు అంచుదాకా పోయొచ్చిన అమ్మకు అది విడుదలే. కాని కత్తి కంటె ముందు మాట రావాలె. ఏం కోస్తున్నరు? వేరే దారేముంది? నా మొగనికెందుకు చెయ్యరు? ఈ మూడు ప్రశ్నలు అడిగే ధైర్యం మా ఆడపిల్లలకు పెండ్లికి ముందే, బడిలోనే రావాలె.