వద్దన్నవాడికే తాంబూలం

మా మేనకోడలి పెళ్ళి భోజనాలు పూర్తిగా శాకాహారం. ఆ లోటు పూడాలంటే మూడోనాడు సాయంత్రం అపార్ట్‌మెంట్ డాబా మీద బార్బెక్యూ ఉండాల్సిందేనని పిల్లలు పట్టుబట్టారు. నూట ఇరవై మంది లెక్క తేలింది. వంటవాణ్ణి కుదిర్చే పని నా నెత్తిన పడింది. బొగ్గుల మీద మొక్కజొన్న కంకి తప్ప ఏదీ కాల్చి ఎరగనివాడికి ఇదేమిటంటే, “ముప్ఫై నాలుగేళ్ళు బ్యాంకులో చేశావు, కాగితాలు చూడ్డం నీకు అలవాటేగా అన్నయ్యా” అంది మా చెల్లెలు.

మొదట వెళ్ళింది అద్దాల తలుపుల ఆఫీసుకి. కుర్చీలో కూర్చోకముందే కుర్రాడు ఫోన్లో వీడియోలు మొదలెట్టాడు. మంట లేస్తోంది, మాంసం తిరుగుతోంది, వెనకాల పాట మోగుతోంది. మా బావ “ప్లేటెంత?” అన్నాడు. నేను లైసెన్సు నంబరు అడిగాను.

ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరుకి 14 అంకెలుంటాయి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషను. 2022 జనవరి నుంచి బిల్లు మీద కూడా ఆ నంబరు ఉండాలి. ఫాస్కాస్ అనే వాళ్ళ సైటులో కొట్టి చూస్తే అది ఎవరిదో తెలిసిపోతుంది. నేను కొట్టాను. ఒక మిఠాయి దుకాణం పేరొచ్చింది. దాని గడువు కూడా ఎప్పుడో తీరిపోయింది.

“అది మా బావమరిది పేరు మీదుంది సార్. రెన్యువల్‌కి ఇచ్చాం.”

సరే, కాగితం సంగతి అలా ఉంచి పని సంగతి అడిగాను. వానొస్తే పొయ్యి టెంటు కిందికి జరపొచ్చా? “జరపొచ్చు సార్.” ఆలస్యం కాకుండా కోడి మధ్యాహ్నమే సగం కాల్చి ఉంచొచ్చా? “అలాగే ఉంచుతాం సార్.” నూట ఇరవై అని చెప్పాక రెండొందల మంది దిగితే? “ఎంతమందొచ్చినా సర్దేస్తాం సార్!”

మా బావ మురిసిపోయాడు. నాకు మాత్రం పాత లోన్ల ఫైళ్ళు గుర్తొచ్చాయి. షరతులన్నిటికీ చదవకుండా తలూపి సంతకం పెట్టినవాడి ఖాతాయే ముందుగా మొండిబాకీ అయ్యేది. “ఇంత కంతు నావల్ల కాదండీ” అని మొహమ్మీద చెప్పి బేరమాడినవాడు చివరిదాకా కట్టేవాడు.

మా తాతగారి కాలంలో, తెనాలి పక్కనున్న మా ఊళ్ళో, వంట మేస్త్రికి తాంబూలంలో అడ్వాన్సు పెట్టి ఇవ్వడమే ఒప్పందం. ఆయన పూర్తిగా చదివే కాగితం సరుకుల చీటీ ఒక్కటే. ఒక పెళ్ళిలో తెల్లవారుజామున గాడిపొయ్యి రాజేశాక వంకాయల బుట్ట తిరగేసి, “ముదురు కాయ, నేను వండను” అని తుండుగుడ్డ భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడట. మా తాత కిక్కురుమనకుండా బండి కట్టించి దొండకాయలు తెప్పించాడు. ఆ మేస్త్రికి లైసెన్సు లేదు, నిజమే. ఆయన చేతి సాంబారు తిన్న పది ఊళ్ళ జనమే ఆయనకు తనిఖీ అధికారులు. చెయ్యి జారితే మరుసటి ముహూర్తానికి పిలుపుండదు. హైదరాబాదులో మన ప్లేట్లోకొచ్చిన కోడి ఏ సందులో, ఏ షెడ్డులో నానిందో ఎవరికి తెలుసు? ఊరికుండే జ్ఞాపకం నగరానికి లేదు కనకనే ఆ 14 అంకెలు కావలసివచ్చాయి.

రెండో ఆయన దగ్గరికి చెప్పకుండా పొద్దున పదకొండింటికి వెళ్ళాం. ఆఫీసు లేదు, వంటశాలే ఉంది. లైసెన్సు గోడకి వేలాడుతోంది. పేరు ఆయనదే, గడువూ ఉంది. పనివాళ్ళ వైద్య పరీక్షల కాగితాలు, టైఫాయిడ్ టీకా వేసిన తేదీలు ఒక ఫైల్లో పెట్టుకున్నాడు. ఫ్రిజ్ తెరిచి చూపించాడు. పచ్చి మాంసం కింది అరలో ఉంది. నీళ్ళు కారినా వండినదాని మీద పడకూడదని అలా పెట్టాడు. జేబులో పెన్నులా ఒక సూది థర్మామీటరు. కోడి ముక్క మధ్యలో గుచ్చితే 75 డిగ్రీలు చూపించాలట. పైన నల్లబడినంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదని, బొగ్గుల పొయ్యి చేసే మోసమే అదని చెప్పాడు.

నేను అవే ప్రశ్నలు వేశాను.

“టెంటు కింద బొగ్గులు పెట్టను సార్. పరదాలు దించితే కార్బన్ మోనాక్సైడ్ పట్టేస్తుంది. దానికి వాసనుండదు, మనిషి కూలబడేదాకా తెలీదు.” సగం కాల్చి ఉంచడం? “చెయ్యను. ఆ గోరువెచ్చని వేడిలోనే పురుగు పెరిగేది.” పిల్లలకి మయోనైజ్? “గుడ్డు వేసింది మాత్రం పెట్టను.” పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. ఈయన నిషేధానికి గడువు లేదట.

తర్వాత ప్రశ్నలు ఆయన మొదలెట్టాడు. డాబా మీద కుళాయి ఉందా? మంటలార్పే సిలిండరుందా? సొసైటీ వాళ్ళ అనుమతి కాగితం ఏది? శాకాహారులు ఎంతమంది? వాళ్ళ పనీరుకీ, పుట్టగొడుగులకీ వేరే పొయ్యి, వేరే పట్టకార్లు తేవాలి కదా! నా దగ్గర ఒక్కదానికీ సరైన జవాబు లేదు. అర్హతలు తనిఖీ చెయ్యడానికి వెళ్ళినవాణ్ణి బెంచీ మీద నిలబడ్డ కుర్రాడిలా నీళ్ళు నమిలాను. బయటికొచ్చాక “వీడేంటి బావా, పిల్లనిస్తున్నట్టు అడుగుతున్నాడు!” అన్నాడు మా బావ. ప్లేటుకి వంద ఎక్కువైనా ఈయనకే అడ్వాన్సిచ్చాం.

అనుకున్నట్టే ఆ సాయంత్రం చినుకులు పడ్డాయి. ఆయన బొగ్గులు కప్పేసి, వాన వెలిసేదాకా చేతులు కట్టుకుని నించున్నాడు. భోజనాలు నలభై నిమిషాలు ఆలస్యమయ్యాయి. వియ్యంకుడి తమ్ముడు రెండుసార్లు గడియారం చూసుకుని, మూడోసారి నన్ను చూశాడు. ఆ చూపుకి నేను ఖర్జూరాల ప్లేటు అడ్డం పెట్టాను.

మర్నాడు పదింటికి చెల్లెలు ఫోన్ చేసింది. “అంత ఖర్చు పెట్టాం అన్నయ్యా, ఎలా ఉందో చెప్పడానికి ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు.”

“కడుపులో ఎలా ఉందని కూడా ఎవరూ చెయ్యలేదుగా?”

“లేదు.”

“అయితే అడిగి చెప్పించుకోకు” అన్నాను.