బడి నుంచి వచ్చే కబురు

పాఠశాల విద్యాశాఖ నుంచి వెలువడే ఉత్తర్వులను మన ఇళ్లలో ఆసక్తితో చదివేవారు తక్కువ. తేదీలు, సంఖ్యలు, సంతకాలు తప్ప వాటిలో ఏముంటుందని అనుకుంటాం. కానీ మన పిల్లలు ఏ బడిలో చేరవచ్చో, ఏ భాష తప్పక నేర్వాలో, పదో తరగతి పరీక్ష ఎన్ని మార్కులకు రాయాలో నిర్ణయించేవి ఆ కాగితాలే. మా తమ్ముడి కూతురు చదువు విషయంలో మూడేళ్లపాటు ఈ సంగతి మాకు అనుభవంలోకి వచ్చింది.

మేముండే నాగోల్‌కు మూడు జిల్లాలు చేరువ. పూర్వం ఉప్పల్, ఎల్బీనగర్ రెండూ రంగారెడ్డి జిల్లాలోనివే. 2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో మూసీ అవతలి ఉప్పల్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరింది. ఎల్బీనగర్ రంగారెడ్డిలోనే మిగిలింది. దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేటకు వెళితే హైదరాబాద్ జిల్లా. ఒక్కో జిల్లాకు ఒక్కో విద్యాధికారి, వారి కింద మండల విద్యాధికారులు. వానాకాలంలో ఒక జిల్లా కలెక్టరు ప్రకటించిన సెలవు పక్క జిల్లాకు వర్తించదు. బంధువుల ఫోన్లలో మాత్రం అది మూడు జిల్లాలకూ ఒకేసారి పాకుతుంది!

2022 వర్షాకాలంలో మా తమ్ముడి కుటుంబం మలక్‌పేట నుంచి మా ఇంటి దగ్గరికి మారింది. అమ్మాయిది ఎనిమిదో తరగతి. పాత బడివారు టీసీ ఇవ్వడానికి వారాలు గడిపారు. ఆ పత్రం లేనిదే ఎవరూ చేర్చుకోరని, వచ్చే జూన్ దాకా ఆగడమే మేలని తెలిసినవారు సలహా ఇచ్చారు. ఆ వయసులో ఏడాదిపాటు ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల తిరిగి బడి గడప తొక్కడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు మారే పిల్లలకు టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదు, జాప్యం చేయకూడదు. ఆ మాట పట్టుకుని దగ్గరలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వెళ్లాం. ప్రధానోపాధ్యాయురాలికి మేము వివరించవలసిన అవసరమే రాలేదు. అమ్మాయి మరునాటి నుంచే తరగతిలో కూర్చుంది.

ఆ నవంబరులోనే మరో కబురు వచ్చింది. “స్కాలర్‌షిప్పులన్నీ ఎత్తేశారట భాయ్. ఎనిమిది అయ్యాక మాన్పించి కుట్టుపని నేర్పిద్దాం” అన్నాడు తమ్ముడు. కేంద్ర ప్రభుత్వ నిర్ణయాన్ని తెప్పించి చదివాం. మైనారిటీ విద్యార్థుల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును 1 నుంచి 8వ తరగతి వరకు ఆపివేశారు. ఎనిమిదో తరగతి దాకా చదువు ఎలాగూ ఉచితమే కదా అన్నది వారు చెప్పిన కారణం. ఆటో ఛార్జీలు, బూట్లు, నోటు పుస్తకాలు ఉచితం కావని ప్రతి తల్లికీ తెలుసు గనుక ఆ కారణం మాకు సబబుగా తోచలేదు. అయితే 9, 10 తరగతులకు పథకం ఉంటుందని అదే కాగితంలో ఉంది. ఆ డబ్బు ఎప్పుడు అందుతుందన్నది వేరే సంగతి. అమ్మాయిని బడి మాన్పించాలన్న ఆలోచన మాత్రం ఆ ఒక్క వాక్యంతో ఆగిపోయింది.

ఆమె పదో తరగతిలో ఉండగా, 2024 నవంబర్ 28న అంతర్గత మూల్యాంకనానికి ఇచ్చే 20 మార్కులను తొలగించి, ఆ ఏటి నుంచే ప్రతి పరీక్షనూ 100 మార్కులకు జరుపుతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ అన్నం సహించలేదు. మరునాడే ఆ మార్పును తరువాతి విద్యాసంవత్సరానికి వాయిదా వేశారు. మొదటి వార్త విన్నంత వేగంగా రెండో వార్త అందరికీ చేరలేదు. వారం తరువాత కూడా ఆమె స్నేహితురాళ్లలో కొందరు 100 మార్కుల భయంతోనే ఉన్నారు.

ఎవరైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించమని దివ్యఖుర్‌ఆన్ హుజురాత్ సూరాలో విశ్వాసులను ఆదేశిస్తోంది. తెలియక ఇతరులకు హాని చేసి, ఆనక పశ్చాత్తాపపడే స్థితి రాకూడదన్నది అందులోని హెచ్చరిక. ఈ ఆదేశాన్ని మనం పెద్ద పెద్ద తగవులకే పరిమితం చేస్తున్నాం. ఒక పుకారు విని ఆడపిల్ల చదువు ఆపడం చిన్న హాని కాదు.

అందుకే మా ఇంట్లో ఇప్పుడు బడి కబురు వస్తే మూడు విషయాలు చూస్తున్నాం: ఎవరి సంతకంతో వచ్చింది, ఏ తేదీన వచ్చింది, ఏ జిల్లాకు, ఏ తరగతికి వర్తిస్తుంది. సందేహముంటే మరొకరికి పంపకముందే బడికి వెళ్లి అడుగుతాం. 2016లో 71 పాఠశాలలతో మొదలై 204కు పెరిగిన తెలంగాణ మైనారిటీ గురుకులాల ప్రవేశ ప్రకటన కోసం ముందునుంచే కనిపెట్టుకుని ఉంటాం. గడువు దాటితే పిల్లవాడికి ఏడాది ఆగవలసి వస్తుంది.

మరొక మాట. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలై ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఏర్పడ్డాయి. బడి సమావేశానికి పిలుపు వచ్చినప్పుడు మన ఇళ్ల నుంచి తల్లులు వెళ్లాలి. కబురును నలుగురి నోట విని కలత చెందడం కన్నా, దాన్ని చదివి వినిపించే చోట కూర్చుని ప్రశ్న అడగడం మేలు. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతోంది. నిరుడు మా వీధిలో కొత్తగా దిగిన ఒక కుటుంబానికి 5వ సెక్షన్ సంగతి చెప్పి, వారి అబ్బాయిని బడికి వెంటబెట్టుకుని వెళ్లింది వాళ్ల అమ్మీయే.