మిద్దె మీద తొట్టి

మా తెలుగులో తప్పులుంటే ముందే మన్నించండి. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల మేము అన్నదమ్ములం ఇద్దరం హుబ్బళ్ళిలో కన్నడ మీడియంలో చదువుకున్నాం. తెలుగు అక్షరాలు సెలవుల్లో అవ్వ దగ్గర నేర్చుకున్నవే. ఇప్పటికీ ఏ పుస్తకం తెరిచినా కళ్ళకు ముందు కన్నడం కనబడుతుంది, ఆ తర్వాతే తెలుగు. ఒక్క మాట మాత్రం ఏ ఊళ్ళోనూ మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. తొట్టి. తెలుగులో తొట్టి, కన్నడంలో తొట్టి, ఇక్కడి తమిళంలోనూ తొట్టే. మా ఇంట్లో జరిగిన గొడవల్లో సగం దాని చుట్టూ జరిగినవే కాబట్టి ఈసారి దాని సంగతి రాస్తున్నాం.

పెరంబూరులో మా ఇల్లు తాత కట్టించింది. ఆయన నెల్లూరు వైపు నుంచి రైల్వే కార్ఖానాలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్న రిటైరయ్యాక మేమందరం ఆ ఇంటికే చేరాం. చెన్నైలో నీళ్ళ ఏర్పాటు తెలిసినవాళ్ళకు కొత్తగా చెప్పేదేం లేదు. వీధి పైపులో వచ్చే నీళ్ళు మిద్దె ఎక్కేంత జోరుగా రావు. అవి వాకిట్లో భూమిలోపల కట్టిన సంపులోకి దిగుతాయి. అక్కడినుంచి మోటారు వాటిని మిద్దె మీద తొట్టికి ఎక్కిస్తుంది. మాది ఒక హెచ్‌పీ మోటారు, వెయ్యి లీటర్ల తొట్టి. హుబ్బళ్ళిలో నాలుగైదు రోజులకొకసారి నీళ్ళు పట్టుకున్న మాకు ఇది రాజభోగంలా ఉండేది.

మోటారు వేసేదీ ఆపేదీ అవ్వే. స్విచ్ వేసి మెట్ల కింద పీట మీద కూర్చుని కూరగాయలు తరుక్కునేది. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు పడే నీళ్ళ చప్పుడు వేరు, సగం నిండాక వేరు, నిండబోతున్నప్పుడు వేరు. అంచుకు నాలుగు వేళ్ళు ఉండగానే లేచి ఆపేది. గడియారం చూడగా మేమెప్పుడూ చూళ్ళేదు. ముప్పై ఏళ్ళు ఒక్క బిందె నీళ్ళు కింద పడలేదని నాన్న చెప్పుకునేవారు. కొంత గొప్పలే అనుకోండి.

2016 తర్వాత తొట్టి పొర్లడం మొదలైంది. ఒకసారి, రెండుసార్లు, ఆపైన వారానికోసారి. పక్కింటివాళ్ళ గోడ చెమ్మ పట్టింది. వాళ్ళావిడ వచ్చి తమిళంలో నిదానంగానే మాట్లాడింది. ఆ నిదానానికే మాకు తల కొట్టేసినట్టయింది. వీధిలో జనం ప్లాస్టిక్ బిందెలు వరసగా పెట్టుకుని నిలబడి ఉంటే, మా ఇంటి నీళ్ళు మోరీలోకి పోతున్నాయి. అవ్వకు చెవులు మందగించాయని మాకు అప్పుడే అర్థమైంది. ఆమెకు అంతకుముందే తెలుసు, చెప్పలేదు.

ఈ రాత రాస్తున్న చేతికి ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తమ్ముడికి కరెంటు పని మీద మోజు. ఇద్దరం కలిసి ఆటోమేటిక్ కంట్రోలర్ ఒకటి తెచ్చి బిగించాం. అది చాలా సులువైన వస్తువు. తొట్టిలోకి మూడు ఉక్కు కడ్డీలు దింపుతారు. పొడుగుది అడుగు దాకా, మధ్యది సగం దాకా, పొట్టిది అంచు దగ్గర. నీళ్ళు తాకితే కడ్డీల మధ్య చిన్న కరెంటు పారుతుంది. నీళ్ళు మధ్య కడ్డీ కిందికి దిగితే మోటారు వేస్తుంది, పొట్టి కడ్డీని తాకితే ఆపేస్తుంది.

రెండు గీతలెందుకు, ఒకటి చాలదా అని నాన్న అడిగారు. ఒకటే అయితే ఎవరైనా ఒక చెంబు నీళ్ళు వాడగానే మోటారు తిరుగుతుంది, చెంబు నిండగానే ఆగుతుంది. తొట్టిలో అలలు లేచినా వేయడమే, ఆపడమే. మోటారు తిరగడం మొదలైనప్పుడల్లా మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి గంటకు యాభైసార్లు అలా చేస్తే కంట్రోలర్ లోపలి రిలే కాలిపోతుంది. ఆ రెండు గీతల మధ్య ఖాళీయే దానికి ఆయుష్షు. ఫ్లష్ ట్యాంకులో తేలే గుండు కూడా దీని చుట్టమే. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టెసిబియస్ అనే ఆయన నీటి గడియారంలో మట్టం మారకుండా ఇలాంటి తేలే బిళ్ళనే వాడాడు. నాన్నకు ఈ సంగతి తెగ నచ్చి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

మొదటి కంట్రోలర్ ఏడాది నిలిచింది. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. పైగా అది కడ్డీల మధ్య ఒకే దిక్కుగా పారే కరెంటు పంపే చౌక రకం. ఒక కడ్డీ తినేసినట్టు సన్నబడింది, ఇంకోదానికి తెల్లటి పొర కట్టింది. నీళ్ళలో మునిగి ఉన్నా తనకు నీళ్ళు తగలడం లేదనుకుని మోటారు ఆపేది కాదు. కడ్డీలు పీకేసి, లోపల స్విచ్ ఉండి నీటితో పైకి లేచే ఫ్లోట్ వేలాడదీశాం. దానికి సున్నంతో పని లేదు. ఇక తొట్టి పొర్లలేదు. పక్కింటావిడ దీపావళికి మురుకులు పంపింది.

అవ్వకు మాత్రం పని పోయింది. పీట మెట్ల కిందే ఉండేది. మోటారు తిరుగుతుంటే వచ్చి గోడ వెంబడి పైకెళ్ళే పైపు మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడేది. ఎందుకవ్వా అంటే, "ఊరికేరా" అనేది. పెద్దవాళ్ళ అలవాటు అనుకుని వదిలేశాం.

2019 జూన్ వచ్చింది. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ దాదాపు ఎండిపోయాయి. వీధి పైపులో గాలి తప్ప ఏం రాలేదు. మా బోరు కూడా నోరు తెరిచింది. నీళ్ళు లేక ఓఎంఆర్‌లో కొన్ని ఐటీ కంపెనీలు ఉద్యోగులను ఇంటి నుంచే పని చేయమన్నాయి, మేము కూడా ఇంట్లోనే ఉన్నాం. ఆ రోజు మధ్యాహ్నం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీటింగులో ఉండగా అవ్వ గుమ్మంలోకి వచ్చింది.

"మోటారు తిరగతా ఉండాది. నీళ్ళు పోవడంల్యా."

చెయ్యి ఊపాం. అది ఆటోమేటిక్ అవ్వా, అదే చూసుకుంటుంది అన్నాం. ఆమెకు వినపడిందో లేదో తెలీదు. కాసేపటికి మళ్ళీ వచ్చింది. "పైపు చల్లబళ్ళా" అంది. ఈసారి తల కూడా తిప్పలేదు మేము.

మామూలు రోజుల్లో సంపు నీళ్ళు ఎక్కుతుంటే పైపు చల్లబడి సన్నగా వణుకుతుంది. చెవులు పోయాక ఆమె మోటారును అరచేతితో వింటోందన్నమాట. సంపు ఎండిపోయింది. మిద్దె మీద తొట్టి ఖాళీ. ఫ్లోట్ ఉన్నది పైన మాత్రమే. పైన నీళ్ళు లేవు కాబట్టి మోటారు వెయ్యి, పైన నిండలేదు కాబట్టి ఆపకు. అది తన లెక్క ప్రకారం సరిగ్గానే నడుచుకుంది. కింద నీళ్ళున్నాయా అని దాన్ని ఎవరూ అడగలేదు. ఇన్‌పుట్ ఖాళీగా ఉంటే ఏమవుతుంది అన్నది టెస్టింగులో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. ఆఫీసులో దానికోసం జూనియర్లను మందలించిన నోరు ఇది.

కరెంటు ఎక్కువ లాగితే కొట్టేసే ట్రిప్ స్విచ్ మోటారుకు ఉంది కదా అని తమ్ముడు వాదించాడు. మెకానిక్ నవ్వాడు. ఎత్తడానికి నీళ్ళే లేకపోతే పంపు తక్కువ కరెంటు లాగుతుంది, ఎక్కువ కాదు. అందుకే ట్రిప్ కదల్లేదు. లోపల సీలును తడిపేదీ చల్లార్చేదీ ఆ నీళ్ళే. అవి లేక సీలు మాడింది, ప్లాస్టిక్ ఇంపెల్లర్ మెత్తబడి ఇరుక్కుంది. తిరగలేక అప్పుడు ఎక్కువ కరెంటు లాగింది, అప్పుడు ట్రిప్ కొట్టేసింది. అంతా అయ్యాక.

కొత్త మోటారుకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ లారీవాడు పోసిన నీళ్ళను సంపులోంచి బకెట్‌తో తోడి, మెట్ల మీదుగా మోశాం. అవ్వ స్నానం ఒక బకెట్ నుంచి అర బకెట్‌కు తగ్గింది. ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. జూలై 12న జోలార్‌పేట నుంచి రైల్లో 25 లక్షల లీటర్ల నీళ్ళు మా పక్కనే విల్లివాక్కానికి వచ్చాయని టీవీలో చూపించారు. నాన్న రైల్వే మనిషి కదా, లేచి నిలబడి చూశారు.

అవ్వ మాత్రం కండలేరు ఎప్పుడు వదులుతారని అడుగుతూ ఉండేది. ఆమెకు అది పుట్టింటి నీళ్ళు. తెలుగు గంగ ఒప్పందం 1983లో కుదిరింది, నీళ్ళు తమిళనాడు సరిహద్దు చేరింది 1996లో. శ్రీశైలంలో బయల్దేరిన కృష్ణ వెలుగోడు, సోమశిల దాటి నెల్లూరు జిల్లా కండలేరులో ఆగి, అక్కడినుంచి కాలువలో పూండికి వస్తుంది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు ఇవ్వాలి, దారిలో ఆవిరి పోగా మనకు 12 రావాలి. అందులో మా హుబ్బళ్ళి రాష్ట్రం వాటా కూడా ఉందని మేమంటే, "అయితే నువ్వు తాగేది నీ బడి నీళ్ళేలే" అనేది. పూండి మిద్దె మీది తొట్టి అయితే కండలేరు సంపు. పైది ఖాళీ అయిందని ఎంత అరిచినా కిందిది ఎండి ఉంటే వచ్చేదేముంది?

ఇప్పుడు మా సంపులో ఇంకో ఫ్లోట్ ఉంది. కింద అడుగున్నర నీళ్ళుంటేనే మోటారు తిరుగుతుంది. కరెంటు మరీ తగ్గినా ఆపేసే డ్రై రన్ పరికరం కూడా పెట్టాం. ఇదంతా అయ్యాక, ఇంకేమైనా చూడాలా అవ్వా అని మొదటిసారి ఆమెను అడిగాం. చెవి దగ్గర గట్టిగా, రెండుసార్లు.

"లారీ పోసినంక అరగంట మోటారు ఎయ్యకూడదు. అడుగు మట్టంతా లేస్తాది. అది పైకి పోతే కడిగేది ఎవురు?"

ముప్పై ఏళ్ళుగా ఆమె పాటిస్తూనే ఉందట. మేం చూసిన ఏ కంట్రోలర్‌లోనూ ఆ అరగంట లేదు. టైమరు కొనుక్కొచ్చాం కానీ ఇంకా బిగించలేదు, తమ్ముడికి తీరిక దొరకడం లేదు. లారీ వచ్చిన రోజు మెయిన్ స్విచ్ ఆపేసి పీట మీద కూర్చునేది అవ్వే.